అరిగిన కీళ్లకు కందెన వెదకిన వైద్యుడు: సర్ జాన్ చార్న్‌లీ

మోకాలి చిప్పలు మార్పించుకోవడం అనే మాట సరిహద్దు పల్లెలలో నేడు ఎవరికీ కొత్త కాదు. నిజానికి ఆ శస్త్రచికిత్సలో ప్రధానంగా మారేది చిప్ప కాదు. తొడ ఎముక చివరను, దాని క్రింద ఉండే కాలి ఎముక పైభాగాన్ని పలుచగా కోసి, పైదానికి లోహపు తొడుగు, క్రిందిదానికి లోహపు పళ్లెం అమర్చి, ఆ రెంటి నడుమ గట్టి ప్లాస్టిక్ పలక నిలుపుతారు. చిప్ప లోపలి వైపు మరీ అరిగి ఉంటే అక్కడ చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికిస్తారు. గుజ్జు అరిగిపోయిందని జనం చెప్పుకొనేది ఎముకల కొనలపై ఉండే నున్నని మృదులాస్థి పొర గురించే. అది ఒకసారి పోయిన తరువాత ఎముక ఎముకతో రాసుకొని మనిషిని మంచాన పడవేస్తుంది.

ఈ చికిత్సలో వాడే ప్లాస్టిక్‌నూ, భాగాలను ఎముకకు పట్టించే సిమెంటునూ, శస్త్రచికిత్స గదిలో గాలిని వడకట్టే పద్ధతినీ కీళ్ల వైద్యంలో స్థిరపరచినవారు ఇంగ్లండు దేశస్థుడైన సర్ జాన్ చార్న్‌లీ. ఆయన పేరు ప్రఖ్యాతులు తుంటి కీలు వలన వచ్చినవి, మోకాలి వలన కాదు. అయినప్పటికీ ఆయన జీవితం తెలియకుండా మోకాలి మార్పిడి కథ సగమే తెలుస్తుంది.

జాన్ చార్న్‌లీ 1911 ఆగస్టు 29న ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో బరీ అనే పట్టణంలో జన్మించారు. అది నూలు మిల్లుల సీమ. తండ్రి ఆర్థర్ మందుల దుకాణం నడిపేవారు. తల్లి లిలీ నర్సుగా శిక్షణ పొందిన ఇల్లాలు. బాలుడైన జాన్ బరీ గ్రామర్ స్కూలులో చదివి, 1929లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థిగా చేరి, 1935లో పట్టా పొందారు. మరుసటి సంవత్సరమే, 25 ఏళ్ల వయసులో, శస్త్రవైద్యుల రాయల్ కళాశాల వారి ఎఫ్.ఆర్.సి.ఎస్. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఆ వయసుకు అది అరుదైన సంగతి.

రెండవ ప్రపంచయుద్ధం ఆయనను ఎముకల వైద్యం వైపు మళ్లించింది. 1940 మే నెలలో సైనిక వైద్యదళంలో చేరిన కొద్ది రోజులకే డన్‌కర్క్ తీరం నుండి సైనికులను తరలించే పనిలో పాల్గొన్నారు. తరువాత ఈజిప్టులోని కైరోకు పంపారు. అక్కడ తెగిన కాళ్లు, విరిగిన తొడలు రోజూ చూడవలసిన దృశ్యాలు. సైనిక వర్క్‌షాపులోని పనివాళ్లతో కలిసి ఆయన విరిగిన కాళ్లకు కట్టే పరికరాలు తయారు చేయించారు. లోహం, మర, చీల, స్క్రూ వంటి వాటి మీద ఆయనకు కలిగిన మమకారం అప్పటిదే. జీవితాంతం ఆయన సగం వైద్యుడు, సగం మెకానిక్కు. ఇంటిలోనూ ఒక వర్క్‌షాపు ఉండేది. వైద్యులకు చేతిపని చిన్నతనమనుకొనే రోజులలో ఆయన లేత్ మిషను ముందు నిలబడడానికి సంకోచించలేదు.

యుద్ధం ముగిసిన తరువాత 1946లో కొంతకాలం ఆస్వెస్ట్రీ పట్టణంలోని ఎముకల ఆసుపత్రిలో పనిచేశారు. ఒక చోటి ఎముక ముక్కను తీసి మరొక చోట అతికితే అది ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఆయనకు కలిగింది. ఇతరులపై ప్రయోగించడానికి మనసు ఒప్పక, తోటి వైద్యునిచేత తన కాలి ఎముకనే కొంత కోయించి అక్కడే అతికించుకొన్నారు. గాయం చీముపట్టింది. ఎముకకు సోకిన ఆ చీమును వదలించుకోవడానికి తిరిగి శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. దీనిని సాహసమందామా, తొందరపాటందామా అన్నది పాఠకుల ఇష్టం. అయితే ఎముకలో చీము అంటే ఏమిటో పుస్తకంలో చదివినవారికీ, స్వయంగా అనుభవించినవారికీ తేడా ఉంటుంది. పదిహేనేళ్ల తరువాత శస్త్రచికిత్స గది గాలి గురించి ఆయన పట్టిన పంతం చూచినవారికి ఈ సంఘటన గుర్తుకు రాక మానదు.

1947లో మాంచెస్టర్ రాయల్ ఇన్‌ఫర్మరీలో నియమితులైన చార్న్‌లీ తొలిగా పేరు తెచ్చుకొన్నది మోకాలి చికిత్సతోనే. ఆ రోజులలో క్షయవ్యాధి వలన మోకాళ్లు పాడైనవారు అసంఖ్యాకంగా ఉండేవారు. వారికి ఉన్న మార్గం ఒక్కటే: మోకీలును తొలగించి, పై ఎముకను క్రింది ఎముకతో కలిపి అతికించడం. కాలు ఇక వంగదు, కానీ నొప్పి ఉండదు, బరువు మోస్తుంది. ఈ అతుకు పడడానికి నెలల తరబడి పిండికట్టులో పడి ఉండవలసి వచ్చేది. ఎముకలలోకి అడ్డంగా ఉక్కు చువ్వలు దింపి, కాలికి ఇరుప్రక్కలా స్క్రూలతో ఆ చువ్వలను దగ్గరకు బిగిస్తే ఒత్తిడి వలన అతుకు త్వరగా పడుతుందని చార్న్‌లీ గ్రహించారు. సుమారు నాలుగు వారాలకే ఎముకలు పట్టుకోవడం కనిపించింది. 1948లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. ఆ బిగింపు పరికరానికి ఆయన పేరే నిలిచింది. మార్చిన మోకీలులో చీము పట్టి, మరే ఉపాయమూ లేనప్పుడు, కాలు నిలుపుకోవడానికి ఎముకలను అతికే ఈ మార్గాన్ని వైద్యులు నేటికీ ఆశ్రయిస్తారు. 1950లో ఆయన విరిగిన ఎముకలను కోయకుండా సరిచేసే విధానంపై రాసిన గ్రంథం చాలా ఏళ్లపాటు వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది.

వంగని కాలు బరువు మోయవచ్చు గాని మనిషిని కింద కూర్చోనివ్వదు, బస్సు ఎక్కనివ్వదు. కదిలే కీలును తయారు చేయాలన్న కోరిక వైద్యులకు పాతదే. 1890లోనే బెర్లిన్ నగరంలో థెమిస్టోక్లెస్ గ్లక్ అనే వైద్యుడు క్షయ సోకిన 17 ఏళ్ల బాలికకు ఏనుగు దంతంతో చేసిన మోకీలును అమర్చారు. చీము పట్టడంతో అటువంటి ప్రయత్నాలు నిలువలేదు. 1950లలో స్వీడన్, ఇంగ్లండు వైద్యులు తలుపు బందు వంటి లోహపు మోకీళ్లు చేశారు. మోకాలు తలుపు కాదు. వంగేటప్పుడు దాని ఇరుసు ఒకే చోట నిలవదు. ఎముక దొర్లుతూ జారుతుంది, కొంచెం తిరుగుతుంది కూడా. బందులో ఆ వీలు లేదు గనుక భారమంతా ఎముకలోకి దింపిన కాడల మీద పడి అవి వదులయ్యేవి.

చార్న్‌లీ దృష్టి తుంటి మీదకు మళ్లడానికి ఒక విచిత్రమైన చప్పుడు కారణమైంది. పారిస్‌లోని జూడే సోదరుల పద్ధతి ప్రకారం తొడ ఎముక తలకు బదులు యాక్రిలిక్ గుండు అమర్చుకొన్న ఒక రోగి ఆయన దగ్గరకు వచ్చాడు. భోజనం బల్ల దగ్గర ముందుకు వంగినప్పుడల్లా అతని తుంటి కిర్రుమనేది. ఆ చప్పుడు భరించలేక భార్య అతనితో ఒకే గదిలో కూర్చోలేకపోతున్నదట. విన్న వారెవరైనా నవ్వుకొని వదిలేసే విషయమే. చార్న్‌లీ వదలలేదు. కందెన లేని బండి ఇరుసే కిర్రుమంటుంది. ఆ గుండుకూ ఎముక గిన్నెకూ నడుమ రాపిడి అధికంగా ఉన్నదనీ, ఆ రాపిడే గుండును ఊడబెరుకుతున్నదనీ ఆయన తర్కించారు.

శస్త్రచికిత్సలలో తొలగించిన కాళ్ల కీళ్లను తెచ్చి వాటి రాపిడిని కొలిచారు. మంచుగడ్డ మీద జారే ఉక్కు కంటే కూడా ఆరోగ్యవంతమైన కీలు సులభంగా జారుతుందని తేలింది. దేవుడు చేసిన ఆ నునుపు కృత్రిమ పదార్థాలలో రావాలంటే, కందెన లేకపోయినా తనంతట తాను జారే పదార్థం కావాలి. నేడు వంటింటి పెనాలకు పూసే టెఫ్లాన్ అటువంటిదని రసాయన నిపుణులు చెప్పగా 1958 నుండి దానిని వాడనారంభించారు. తొడ ఎముకలో దింపే లోహపు కాడకు చిన్న గుండు, నడుము ఎముక వైపు టెఫ్లాన్ గిన్నె. గుండు ఎంత చిన్నదైతే గిన్నెను ఊపే శక్తి అంత తగ్గుతుందన్న లెక్కతో గుండును క్రమంగా తగ్గిస్తూ చివరకు సుమారు 22 మిల్లీమీటర్లకు తెచ్చారు.

కాడను ఎముకలో నిలిపే సమస్య మిగిలింది. మాంచెస్టర్ దంతవైద్య కళాశాలలోని డెన్నిస్ స్మిత్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కట్టుడు పళ్ల తయారీలో వాడే యాక్రిలిక్ పదార్థాన్ని సూచించారు. పొడిని, ద్రవాన్ని కలిపితే ముద్దవుతుంది. కొద్ది నిమిషాలలో వేడెక్కి రాయిలా బిగుసుకుంటుంది. దీనిని ఎముకల సిమెంటు అంటున్నా ఇది జిగురు కాదు. గోడ రాళ్ల సందులలో సున్నం నిండినట్లు ఎముక లోపలి గుల్లలలో నిండి, బరువును అంతటా సమంగా పంచుతుంది. మోకాలి శస్త్రచికిత్సలో నేడు అత్యధికంగా వాడేది ఈ జాతి సిమెంటే.

తొలి ఫలితాలు అద్భుతంగా కనిపించాయి. ఏళ్ల తరబడి మంచాన ఉన్నవారు లేచి నడిచారు. 1961లో ఆయన ప్రసిద్ధ వైద్య పత్రిక లాన్సెట్‌లో ఈ కొత్త శస్త్రచికిత్స గురించి ప్రకటించారు. సుమారు 300 మందికి టెఫ్లాన్ గిన్నెలు అమర్చారు.

తరువాత ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. టెఫ్లాన్ జారుతుంది, నిజమే. కానీ అరుగుతుంది. రెండు మూడు సంవత్సరాలలో లోహపు గుండు గిన్నెను తొలుచుకొని పోయింది. అరిగిన పొడి కండరాల నడుమ జున్నుగడ్డల వలె పేరుకొని, ఎముకను తినివేసింది. నొప్పి మళ్లీ మొదలైంది, కొందరికి మునుపటి కంటే ఎక్కువగా. ఇక్కడే చార్న్‌లీ ఎటువంటి మనిషో తెలుస్తుంది. తప్పును రోగుల వయసు మీదకో, నడక మీదకో నెట్టడం కష్టం కాదు. అప్పటికి బయట ఎవరికీ పెద్దగా తెలియదు. ఆయన తన రోగులందరినీ పిలిపించి పరీక్షించారు, జరిగినది చెప్పారు, చెడిన కీళ్లను తానే ఒక్కటొక్కటిగా తీసివేశారు. ఆ పని ఏళ్లపాటు సాగింది.

అంతటితో ఆగక, టెఫ్లాన్ పొడిని తన తొడలోనే సూదిమందులా ఎక్కించుకొన్నారు. దాని ప్రక్కనే మరొక ప్లాస్టిక్ పొడిని కూడా. తొమ్మిది నెలలు గడిచేసరికి టెఫ్లాన్ ఎక్కించిన చోట చేతికి తగిలే గడ్డలు నిలిచాయి. రెండవ చోట ఏమీ తెలియలేదు. 1963లో ఈ ఫలితాన్ని ప్రకటించి, టెఫ్లాన్‌ను శరీరంలో వాడరాదని తోటి వైద్యులను హెచ్చరించారు.

ఆ రెండవ ప్లాస్టిక్ దొరికిన తీరు నేతపని తెలిసిన ఊళ్లవారు వినదగినది. 1962 మే నెలలో ప్లాస్టిక్ సామాను అమ్మే ఒక వ్యాపారి రైటింగ్టన్ ఆసుపత్రికి వచ్చాడు. అతని చేతిలో లాంకషైర్ మరమగ్గాలలో వాడే పళ్లచక్రాల ప్లాస్టిక్ ముక్క ఉంది. జర్మనీలో తయారయ్యే ఆ పదార్థం అత్యధిక అణుభారం గల పాలిథిలీన్. అంటే సంచులకు వాడే పాలిథీన్‌కు బంధువే గాని, దాని అణు గొలుసులు అనేక రెట్లు పొడవు, అందుకే అరుగుదల తక్కువ. చార్న్‌లీకి అది నచ్చలేదు. గోటితో గీసి చూచి, దాని మీద కాలం వృథా చేయవద్దని తన సహాయకుడు హారీ క్రేవెన్‌కు చెప్పి, కోపెన్‌హేగన్‌లో ఒక సభకు వెళ్లిపోయారు. క్రేవెన్ వైద్యుడు కాడు, లేత్ పని తెలిసిన సాంకేతిక నిపుణుడు. దొర లేని సమయం చూచి ఆ ముక్కను అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. రాత్రింబవళ్లు ఆ యంత్రం తిరిగింది. టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగినంత కూడా ఈ ముక్క మూడు వారాలలో అరగలేదు. తిరిగి వచ్చిన చార్న్‌లీ యంత్రం ముందు నిలబడి చూచి, తన మాట తప్పని ఒప్పుకొన్నారు. అదే సంవత్సరం నవంబరు నెలలో ఆ ప్లాస్టిక్‌తో చేసిన మొదటి గిన్నెను రోగికి అమర్చారు. ఇప్పటి మోకాళ్లలో లోహాల మధ్య ఉండే పలక ఆ జాతిదే. నడుమ వచ్చిన మార్పులు దానిని ఇంకా గట్టిపరచాయి, కానీ మూలం మారలేదు. కీళ్ల మార్పిడి చరిత్రలో హారీ క్రేవెన్ పేరు పెద్ద అక్షరాలతో ఉండవలసినది.

రైటింగ్టన్ ఆసుపత్రి విగన్ పట్టణానికి సమీపంలో, పొలాల మధ్య, క్షయరోగుల కోసం నెలకొల్పినది. క్షయకు మందులు వచ్చి మంచాలు ఖాళీ కాగా, చార్న్‌లీ దానిని తుంటి చికిత్సా కేంద్రంగా మార్చుకొన్నారు. మాంచెస్టర్‌లోని గొప్ప పదవిని వదలి పల్లె ఆసుపత్రికి పోవడం తోటివారికి వింతగా తోచింది. అక్కడ ఆయనను వేధించిన శత్రువు చీము. ప్రారంభ కాలంలో నూటికి ఏడుగురికి మించి లోతైన చీము పట్టేది. లోపల అమర్చిన లోహం మీద సూక్ష్మజీవులు చేరితే రక్తం ద్వారా వచ్చే మందు వాటిని సులభంగా చేరదు. కీలు తీసివేయవలసి వస్తుంది. చేతులు, పనిముట్లు శుభ్రంగానే ఉన్నప్పుడు ఇంత చీము ఎక్కడి నుండి వస్తున్నదని ఆలోచించి, గదిలోని మనుషుల చర్మం నుండి రాలే సూక్ష్మ పొట్టు గాలిలో తేలి గాయంలో పడుతున్నదని ఆయన నిర్ణయించారు.

గాలిని వడకట్టే యంత్రాలు చేసే హోవర్త్ అనే ఇంజినీరు సంస్థ సహాయంతో శస్త్రచికిత్స గదిలోనే అద్దాల చిన్న గది కట్టించారు. పైనుండి వడకట్టిన గాలి క్రిందికి నిరంతరంగా దిగుతూ మలినాన్ని బయటకు తోసివేస్తుంది. మొక్కలు పెంచే గాజు ఇల్లు వలె ఉండడం చేత అందరూ దానిని గ్రీన్‌హౌస్ అని పిలిచారు. వైద్యులు తల నుండి పాదాల దాకా మూసిన దుస్తులు ధరించి, వారు విడిచిన శ్వాసను కూడా గొట్టం ద్వారా బయటకు లాగించేవారు. చూడడానికి అంతరిక్ష యాత్రికుల వలె ఉండేవారు. ఎగతాళి చేసినవారు ఉన్నారు. 1960ల చివరికి చీము పట్టేవారు నూటికి ఒకరి కంటే తగ్గారు. గాలి ప్రభావమే తేలాలని ఆ రోజులలో ఆయన ముందుజాగ్రత్త యాంటీబయాటిక్కులు కూడా వాడలేదు. నేడు గాలి, మందు రెండూ వాడతారు.

మోకాలి మార్పిడికి సిద్ధమయ్యే కుటుంబాలకు ఆయన జీవితంలో అన్నిటికంటే పనికివచ్చే భాగం ఇదే. శస్త్రచికిత్సకు ముందు పన్ను పుచ్చిందా, మూత్రంలో మంట ఉందా, కాలిపై పుండు ఉందా అని వైద్యులు అడిగితే విసుగుకోనవసరం లేదు. శరీరంలో ఎక్కడ చీము ఉన్నా అది రక్తం వెంట కొత్త కీలును చేరగలదు. రక్తంలో చక్కెర అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి గాయం మానడం ఆలస్యం. అందుకే వాటిని సరిచేసిన తరువాతనే తేదీ ఇస్తారు. తేదీ వెనక్కు పోయిందని మరొక ఆసుపత్రికి పరుగెత్తడం తగదు. తొడ కండరం బలంగా ఉన్నవారు త్వరగా లేస్తారు కనుక ముందు నుండే వ్యాయామం నేర్పుతారు. ఇంటిలో కాలికి తట్టే పట్టాలు తీసివేయడం, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ, ఎత్తైన మరుగుదొడ్డి పీట, చేతులున్న కుర్చీ సిద్ధం చేయడం ఆపరేషన్‌కు ముందు జరగవలసిన పనులు. సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉంది. నర్సు మాట్లాడేది ఒక భాష, కాగితం రాసేది ఇంగ్లీషు, రోగికి వచ్చినది తెలుగు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితంలోని మందుల వేళలు, మళ్లీ రావలసిన తేదీ తెలుగులో రాయించుకొని గోడకు అంటించడం మేలు.

తరువాతి సంగతి. ఆనాటి రోగులు వారాల తరబడి ఆసుపత్రి మంచం మీదే ఉండేవారు. ఇప్పుడు ఆ రోజే, లేదా మరునాడే వాకరుతో నిలబెడతారు. నొప్పి అని కదపక ఉంచితే మోకాలు బిగుసుకుపోతుంది. హాయిగా ఉంటుందని మోకాలి క్రింద దిండు పెట్టుకొని పడుకొంటే కాలు పూర్తిగా చాపడం రాదు. పాదాన్ని పైకి క్రిందికి ఆడిస్తూ ఉండడం పిక్కలో రక్తం గడ్డకట్టకుండా చేసే జాగ్రత్తలలో ఒకటి. ఆరు వారాలకు చిన్న పనులు, మూడు నెలలకు చాలా వరకు నడక కుదురుకున్నా, వాపు, వేడి కొన్ని నెలలు ఉంటాయి. పూర్తిగా కుదుటపడడానికి ఏడాది పట్టవచ్చు. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేయడం సాధారణంగా మానుకోవలసినవే. గాయం నుండి నీరు కారినా, పిక్క వాచి నొప్పెట్టినా ఊరి మందుల దుకాణంలో మాత్ర కొనక, కోసిన వైద్యునికే చూపాలి. ఆయాసం, ఛాతీనొప్పి వస్తే క్షణం ఆగకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి చేరాలి.

చార్న్‌లీ తన రోగులను వెలి, అర, తుది అన్నట్లుగా కాక, నడకను బట్టి మూడు తరగతులుగా విభజించారు: ఒక్క కీలే చెడినవారు, రెండు వైపులా చెడినవారు, ఇతర కీళ్లు లేదా గుండె, ఊపిరితిత్తుల జబ్బుల వలన నడవలేనివారు. మూడవ తరగతివారికి శస్త్రచికిత్స ఎంత బాగా కుదిరినా నడక అంతంతమాత్రమే. పొరుగింటి పెద్దమ్మ మూడు నెలలకు గుడికి నడిచింది, మా అమ్మ ఎందుకు నడవలేదని కొడుకులు బెంగపడే చోట ఈ విభజన గుర్తుంచుకోదగినది. తన కీలు ఎన్నేళ్లు నిలుస్తుందో తెలియనంత కాలం ఆయన వయసు మళ్లినవారికే ప్రాధాన్యం ఇచ్చి, పడుచువారిని ఆగమనేవారు. టెఫ్లాన్ నేర్పిన జాగ్రత్త అది. ఆ కారణం చేతనే చాలాకాలం వరకు లీడ్స్ నగరంలోని థాక్రే కంపెనీ తయారుచేసే ఆ కీళ్లను, రైటింగ్టన్ వచ్చి పని నేర్చుకొన్న వైద్యులకు తప్ప అమ్మనివ్వలేదు.

మోకాలికి ఈ విద్య అందినది కూడా రైటింగ్టన్‌లోనే. ఇంజినీరింగు చదివి వైద్యుడైన ఫ్రాంక్ గన్‌స్టన్ కెనడా నుండి అక్కడికి పని నేర్చుకోవడానికి వచ్చారు. తుంటికి వాడే లోహం, పాలిథిలీన్, సిమెంటు మోకాలికి ఎందుకు వాడరాదని ఆలోచించి, తొడ ఎముక చివర రెండు అర్ధచంద్రాకారపు లోహపు పట్టీలు, క్రింది ఎముకలో వాటికి రెండు ప్లాస్టిక్ గాడులు అమర్చారు. నడుమ బందు లేదు. మోకాలి సొంత నరాలవంటి బంధనాలే దానిని పట్టి ఉంచుతాయి, కనుక మోకాలు దొర్లుతూ జారగలదు. 1968లో ఆరంభమైన ఈ పద్ధతిని 1971లో ఆయన ప్రకటించారు. 1974లో న్యూయార్క్‌లోని ప్రత్యేక శస్త్రచికిత్సల ఆసుపత్రిలో జాన్ ఇన్సాల్, పీటర్ వాకర్, భారతీయుడైన చిత్తరంజన్ రణావత్ కలిసి కీలు ఉపరితలాన్ని సంపూర్ణంగా కప్పే నమూనాను తెచ్చారు. నేటి మోకాళ్లు చాలావరకు దాని సంతతి. ప్రధానమంత్రిగా ఉన్న అటల్ బిహారీ వాజపేయి 2000 అక్టోబరులో ఎడమ మోకాలికి, 2001 జూన్‌లో కుడి మోకాలికి ముంబయిలో శస్త్రచికిత్స చేయించుకొన్నప్పుడు కోసినవారు ఆ రణావత్‌గారే. మోకాలు మార్చుకోవచ్చునన్న సంగతి మన దేశంలో పల్లెలకు చేరడంలో ఆ వార్తల పాత్ర తక్కువది కాదు. చార్న్‌లీ కూడా 1970లలో ఒక మోకీలు రూపొందించారు గాని, తుంటికి వచ్చిన ఆదరణ దానికి రాలేదు.

ఇంటి విషయాలకు వస్తే, పని తప్ప మరొకటి ఎరుగని చార్న్‌లీ 1957లో, 45 ఏళ్ల వయసులో, జిల్ హీవర్‌ను వివాహమాడారు. వారికి ఒక కుమారుడు, ఒక కుమార్తె. పనిలో ఆయన కఠినుడు, కోపిష్ఠి, చిన్న అశ్రద్ధను కూడా సహించనివాడు. గౌరవాలు ఆలస్యంగా, కానీ వరుసగా వచ్చాయి. 1974లో అమెరికాలో లాస్కర్ పురస్కారం, 1975లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించాయి. శస్త్రవైద్యులకు ఆ సభ్యత్వం దక్కడం అరుదు. 1977లో సర్ బిరుదు వచ్చింది.

శుభ్రమైన గాలి వలన చీము తగ్గుతుందన్న ఆయన మాటను చాలామంది చివరిదాకా నమ్మలేదు. బ్రిటన్, స్వీడన్ ఆసుపత్రులలో తుంటి, మోకాలి మార్పిడి చేయించుకొన్న 8,000 మందికి పైగా రోగులపై బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి పెద్ద పరీక్ష జరిపించింది. ఫలితాలు 1982 జూలైలో వెలువడ్డాయి. మామూలు గదులలో వెయ్యికి సుమారు 15 మందికి చీము పట్టగా, గాలిని వడకట్టిన గదులలో అది ఆరుగురికి తగ్గింది. ఆ ఫలితాలు అచ్చయిన నెల రోజులకు, 1982 ఆగస్టు 5న, 71 ఏళ్లు నిండడానికి 24 రోజుల ముందు, సర్ జాన్ చార్న్‌లీ కన్నుమూశారు.

తాను అమర్చిన కీలు ప్రతి ఒక్కటీ చివరకు ఏమైందో తెలియాలని, మరణానంతరం దానిని తీసి పరీక్షించడానికి ఆయన బ్రతికి ఉన్న రోగులనే అనుమతి అడిగేవారు. చాలామంది ఒప్పుకొన్నారు. ఏటేటా పరీక్షకు రావాలన్న నియమాన్ని ఆయన శిష్యులు కొనసాగించారు. 1960లలో మగ్గపు చక్రాల ప్లాస్టిక్‌తో చేసిన తుంటి అమర్చుకొన్నవారిలో కొందరు ఆయన పోయిన తరువాత కూడా, ముప్ఫై ఏళ్లు దాటినా, అదే కీలుతో నడుచుకుంటూ రైటింగ్టన్ ఆసుపత్రికి వచ్చి చూపించుకొని వెళ్లారు.